‘తిరిగి అమ్మరాదు’ అని ఉన్న ఆట కొనవచ్చా?

వీడియో గేములంటే పిల్లల గోల, మనకెందుకులే అని వదిలేస్తాం గానీ, చివరికి డబ్బు తీసి ఇచ్చేది మనమే కదండీ! ప్లేస్టేషన్ 5కి వచ్చే పేరున్న కొత్త ఆటల డబ్బాల మీద 4,999 రూపాయల ధర అచ్చువేసి ఉంటోంది. ఒక్క ఆటకి! అందుకే పిల్లలు స్నేహితుల దగ్గరా, సికింద్రాబాదు సీటీసీ లాంటి చోట్లా వాడిన ఆటల కోసం వెతుకుతుంటారు. అది తప్పేమీ కాదు, మనం పాత పాఠ్యపుస్తకాలు కొనమా? చిక్కల్లా ఎక్కడంటే, వాటిలో కొన్నిటి మీద ఇంగ్లీషులో ‘నాట్ ఫర్ రీసేల్’, అంటే తిరిగి అమ్మరాదు అని రాసి ఉంటుంది.

కిందటేడు మా చిన్నాడు తన క్లాసు పిల్లవాడి దగ్గర్నుంచి అలాంటిదే తెచ్చి చూపించాడు. మావారు అటూ ఇటూ తిప్పి చూసి, “దొంగసరుకేమో, తిరిగిచ్చెయ్” అన్నారు. వాడు నా దగ్గరకొచ్చి, “అమ్మా, ఇది కొంటే నేను దొంగతనం చేసినట్టా?” అని అడిగాడు. పదమూడేళ్ళ పిల్లవాడు అలా అడిగినప్పుడు ఊరికే డబ్బు చేతిలో పెట్టడమూ బాగుండదు, కారణం చెప్పకుండా వద్దనడమూ బాగుండదు. అందుకే ఆ రాత అసలెందుకు వేస్తారో కనుక్కున్నాను.

బట్టల పొడి పెద్ద ప్యాకెట్టుతో బకెట్టు ఉచితం అంటారు చూడండి. కొట్టువాడు బకెట్టు విడిగా తీసి అమ్ముకుని, మనకి పొడి మాత్రమే ఇస్తే? ఇదీ అంతే. ఆట ఆడే మిషను కొన్నప్పుడు కంపెనీవాళ్ళు ఒకటో రెండో ఆటలు అదే పెట్టెలో పెట్టి ఇస్తారు. కొట్టువాడు వాటిని బయటికి తీసి విడిగా అమ్మకుండా ఆ మాట వేస్తారు. 2006లో వచ్చిన నింటెండో వీ మిషనుతో చాలా దేశాల్లో వీ స్పోర్ట్స్ అనే ఆట ఇలాగే కలిపి ఇచ్చారు. అంటే ఆ ఆట డబ్బులు మిషను ధరలోనే ముట్టాయన్నమాట. లోపలి ఆట కూడా కొట్లో విడిగా అమ్మే ఆటే, తేడా ఏమీ ఉండదు.

అసలు వాడిన ఆటలే అమ్మకూడదని జపాన్‌లో పెద్ద గొడవ జరిగింది. అక్కడి కంపెనీలు తొంభైల చివర్లో డబ్బాల మీద తిరిగి అమ్మరాదని గుర్తు వేసి, పాత ఆటలమ్మే కొట్లను కోర్టుకి లాగాయి. 1999లో టోక్యో కోర్టు కొట్లవాళ్ళ పక్షాన, ఒసాకా కోర్టు కంపెనీల పక్షాన తీర్పు చెప్పాయి. చివరికి 2002 ఏప్రిల్ 25న వాళ్ళ సుప్రీంకోర్టు, మొదటిసారి సక్రమంగా అమ్మినప్పుడే అమ్మకం మీద కంపెనీ హక్కు తీరిపోయింది, ఆ తర్వాత వాడిన ఆట అమ్మితే కాదనడానికి లేదు అని తేల్చేసింది. అది జపాన్ తీర్పు, మన కోర్టులది కాదనుకోండి. అయినా ఆలోచన సబబుగానే తోచింది నాకు.

అలాగని ఏ వస్తువు మీద ‘అమ్మరాదు’ అని ఉన్నా ఫరవాలేదని కాదు సుమా! డాక్టర్లకిచ్చే శాంపిల్ మందుల మీద అమ్మరాదని ఉంటే అది అక్షరాలా నిజం. మందుల షాపులో అలాంటిది అంటగడితే తీసుకోకండి.

ఆటల్లోనూ ఒక రకం ఉంది, జాగ్రత్త. కొట్లో వచ్చినవాళ్ళకి రుచి చూపించడానికి ఇచ్చే ‘డెమో’ డిస్కుల మీద కూడా ఇదే మాట ఉంటుంది. అందులో ఆట కొంతవరకే వస్తుంది. మిఠాయి కొట్లో చిన్న ముక్క చేతిలో పెట్టినట్టు. దానికి డబ్బు పెట్టడం దండగ. మరికొన్ని డబ్బాల్లో అసలు డిస్కే ఉండదు, కోడ్ నంబరున్న చీటీ ఉంటుంది. ఆ నంబరు ఒకసారి వాడేస్తే ఇక అంతే, ఆ డబ్బా కొని లాభంలేదు. అందుకని ముందు మూత తెరిచి చూడండి.

డిస్కు ఉంటే వెలుతురుకి పట్టి చూడండి. మధ్య నుంచి అంచుకి పోయే సన్నగీత కంటే, గాజులాగా చుట్టూ తిరిగిన గీత ఎక్కువ చెరుపు. తుడవాలన్నా మెత్తటి పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవాలి గానీ కంచం తుడిచినట్టు గుండ్రంగా తిప్పకూడదు. మీ ఇంట్లో ఉన్నది ఏ మిషనో కూడా తెలుసుకుని వెళ్ళండి. ప్లేస్టేషన్ 4 డిస్కు, డిస్కు పెట్టే చోటున్న 5లో ఆడుతుంది. 5 డిస్కు మాత్రం 4లో ఆడదు. ‘డిజిటల్ ఎడిషన్’ అనే మిషనుకి డిస్కు పెట్టే చోటే ఉండదు, విడిగా డ్రైవు కొని తగిలించుకుంటే తప్ప. అట్ట మీద చిన్న చదరంలో 3, 7, 12, 16, 18 అని ఏదో ఒక అంకె ఉంటుంది. అది ఎన్నేళ్ళు నిండిన పిల్లలకో చెప్పే అంకె. ఆడటం ఎంత కష్టమో చెప్పే అంకె అని పిల్లలు మనకి నచ్చజెబుతారు, నమ్మకండి! 18 అని ఉంటే నేనైతే ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వను.

ధర దగ్గర మాత్రం ఆ రాతని మనం వాడుకోవాలి. రేపు మనవాడు దాన్ని మార్చుకోబోతే కొట్టువాడు అదే రాత చూపించి తగ్గించి అడగవచ్చు, లేదా వద్దనవచ్చు. కనుక మనం కొనేటప్పుడే మామూలు పాత డిస్కు కంటే తగ్గించి అడగడం న్యాయం. కొట్లోనే మిషనులో పెట్టి ఆడించి చూపించమనండి. ఆడకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో చీటీ మీద రాయించుకోండి. పక్కవీధి ఆవిడ ఇలాగే ఒక కొట్లో నోటిమాట మీద తెచ్చి, మర్నాడు వెళితే ‘మేం అమ్మలేదు’ అనిపించుకుని వచ్చింది.

మా చిన్నాడి సంగతంటారా, ఆ పిల్లవాడి తల్లికి ఫోన్ చేశాను. మిషనుతో పాటు వచ్చిందని, వాళ్ళవాడు అమ్ముతున్నట్టు తనకు తెలుసనీ చెప్పింది. తల్లికి తెలియకుండా ఇంట్లోంచి తెచ్చి అమ్ముతున్నాడేమో అన్నదే నా అసలు భయం. ఆ తర్వాత ఏడొందలకి బేరం కుదిరింది. మావారు మాత్రం శని, ఆదివారాలే ఆడాలని షరతు పెట్టారు.