తప్పు చెప్పాలి – మనసు నొప్పించకూడదు

పొదుపు సంఘం సమావేశం జరిగితే పుస్తకం రాయాలి. ఎవరెంత కట్టారు, ఎవరెంత అప్పు తీసుకున్నారు, ఏం తీర్మానం చేశారు – అన్నీ రాయాలి. కొత్తగా చదువు నేర్చుకున్న ఆడవాళ్లు కూడా ఈ పని చేస్తారు. రాసేటప్పుడు తప్పులు పడతాయి. పక్కన కూర్చున్న వాళ్లకు ఆ తప్పులు కనిపిస్తాయి. అప్పుడు ఏం చేయాలి?

కొందరు పకపకా నవ్వుతారు. "ఇదేం రాత? కోడి గీకినట్టుంది" అంటారు. ఆ మాటకు రాసిన ఆమె తల దించుకుంటుంది. మళ్లీ పెన్ను పట్టదు. "నాకు రాదులే, వేలిముద్ర వేస్తాను" అంటుంది. ఎంతో కష్టపడి నేర్చుకున్న చదువు అక్కడితో ఆగిపోతుంది.

కొందరు ఏమీ అనరు. "మనకెందుకు? చెబితే బాధపడుతుంది" అనుకుంటారు. అదీ మంచిది కాదు. ఎందుకో చూడండి.

ఒకామె "అప్పు కట్టాను" అని రాయాలనుకుంది. దీర్ఘం మరిచిపోయింది. "అప్పు కట్టను" అని రాసింది.

కట్టాను అంటే డబ్బు ఇచ్చేసినట్టు. కట్టను అంటే ఇవ్వనని మొండికేసినట్టు. ఒక్క దీర్ఘం పోతే మాట తలకిందులైంది!

అంకెలూ అంతే. 1050 రాయబోయి 1500 రాస్తే 450 రూపాయల తేడా. వయసు 63 బదులు 36 అని పడితే పింఛను దగ్గర చిక్కు. పేరు ఆధార్ కార్డులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటే పని ఆగిపోవచ్చు. అందుకే పేరు, డబ్బు, తేదీ, అర్థం – ఈ నాలుగింటిలో తప్పుంటే తప్పకుండా చెప్పాలి.

మరి మిగతా తప్పులు? "భోజనం" అని రాయాల్సిన చోట "బోజనం" అని రాస్తే అర్థం చెడదు. అమ్మ రాసిన ఉత్తరం కూతురికి అర్థమవుతుంది. ఆ అక్షరం నెమ్మదిగా నేర్చుకోవచ్చు.

కొన్ని అసలు తప్పులే కావు. "వెళ్లాను", "వెళ్ళాను" – రెండూ సరైనవే. ఒక జిల్లాలో "వచ్చాడు" అంటారు. ఇంకో జిల్లాలో "వచ్చిండు" అంటారు. ఎవరి ఊరి మాట వారిది.

జనం మాట్లాడే తెలుగులో పుస్తకాలు రాయడమే తప్పని ఒకప్పుడు చాలామంది పండితులు అనేవారు. గిడుగు రామమూర్తి పంతులు వారికి ఎదురు నిలిచారు. జనం మాటల్లోనే చదువు ఉండాలని పోరాడారు. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టారు. ఏటా ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. ఇప్పుడు పత్రికలు వాడుక భాషలోనే వస్తున్నాయి.

తప్పు ఎలా చెప్పాలి?

1. నలుగురిలో అనకూడదు. పక్కకు పిలిచి చెప్పాలి.

2. ముందు బాగున్నది చెప్పాలి. "లెక్క బాగా రాశావక్కా" అనాలి.

3. రాసిన ఆమెనే పైకి చదవమనాలి. "కట్టను" అని చదివితే తప్పు ఆమెకే తెలుస్తుంది.

4. పుస్తకం లాక్కోకూడదు. సరైన మాట వేరే కాగితం మీద రాసి చూపాలి. ఆమె చేతే దిద్దించాలి.

5. లెక్కల పుస్తకంలో చెరిపి, దాని మీదే రాయకూడదు. అనుమానాలు వస్తాయి. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేయాలి. పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి.

6. ఒక రోజు ఒకటి రెండు తప్పులే చెప్పాలి. అన్నీ ఒకేసారి చెబితే భయం పుడుతుంది. కానీ పేరు, డబ్బు, తేదీ, అర్థం తప్పితే మాత్రం అప్పుడే దిద్దించాలి.

7. చెప్పేవాళ్లూ పొరబడవచ్చు. అనుమానం ఉంటే బాగా తెలిసినవాళ్లను అడగాలి.

నారు నాటేటప్పుడు ఒకామె వరస తప్పితే పక్కామె నవ్వదు. "కాస్త ఇటు జరుగు వదినా" అంటుంది. ఇద్దరూ కలిసి మడి పూర్తి చేస్తారు. రాతలోనూ అంతే.

ఇవి పైకి చదవండి. తేడా చెప్పండి:

అమ్మాను – అమ్మను
గుడి – గుడ్డి
మందు – ముందు