క్రుస్కల్ వచ్చా? క్వాంటమ్‌లో మీకూ పనుంది

క్వాంటమ్ కంప్యూటింగ్ అనగానే ‘ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ ఉండాలేమో’ అని చాలామంది అక్కడే ఆగిపోతారు. కొన్ని పనులకు అది నిజమే. కానీ ఆ యంత్రం పక్కనే మామూలు చిప్ మీద, మామూలు కోడ్‌తో నడిచే భాగం ఒకటుంది. దాని పేరు డీకోడర్. అది టైమ్‌కి జవాబివ్వకపోతే ఎన్ని క్యూబిట్లున్నా లాభం లేదు. దాన్ని రాయడానికి కావాల్సిన సరుకు చాలావరకు మీ డేటా స్ట్రక్చర్స్ సిలబస్‌లోనే ఉంది.

అసలు దీని పనేంటి?

క్యూబిట్లు బాగా సున్నితం. కాస్త నాయిస్ తగిలినా విలువ మారిపోతుంది. తెరిచి చూసి సరిచేద్దామంటే, చూడగానే లోపలి సమాచారం చెదిరిపోతుంది. అందుకే ఒక్క క్యూబిట్ సమాచారాన్ని చాలా క్యూబిట్లలో పరిచి, పక్కపక్కనున్నవి ఒకేలా ఉన్నాయా లేదా అని మాత్రమే అడుగుతారు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో చదివిన ప్యారిటీ చెక్ లాంటిదే ఇది. తేడా వస్తే అలారం మోగుతుంది. తప్పు ఏ క్యూబిట్‌దో మాత్రం చెప్పదు.

చిన్న లెక్క చూద్దాం. వరసగా 5 క్యూబిట్లు, వాటి మధ్య 4 చెక్‌లు. మొదటి రెండు చెక్‌లు మోగాయి, మిగతా రెండు మోగలేదు. రెండో క్యూబిట్ ఒక్కటే తిరగబడి ఉండొచ్చు. లేదా అదొక్కటి తప్ప మిగతా నాలుగూ తిరగబడి ఉండొచ్చు. ఎలా జరిగినా మోగే అలారాలు అవే! ఒక్కో క్యూబిట్ తప్పే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, ఒక్కటే తిరగబడే అవకాశం నాలుగు తిరగబడేదానికంటే దాదాపు 10 లక్షల రెట్లు ఎక్కువ. కాబట్టి రెండో క్యూబిట్‌నే సరిచేస్తాం. డీకోడింగ్ అంటే ఇదే: ఆనవాళ్లు చూసి దొంగెవరో తేల్చే పని.

గూగుల్ వాడే సర్ఫేస్ కోడ్‌లో క్యూబిట్లు వరసలో కాకుండా గళ్ల లుంగీలా పరిచి ఉంటాయి. తప్పులు గొలుసుగా పడితే ఆ గొలుసు రెండు చివర్లలోనే అలారాలు మోగుతాయి. అంటే అలారాలను జతలు కలపాలి, కలిపే దారుల మొత్తం పొడవు వీలైనంత తక్కువ ఉండాలి. గ్రాఫ్ థియరీలో దీన్ని మినిమమ్ వెయిట్ పర్ఫెక్ట్ మ్యాచింగ్ అంటారు. జాక్ ఎడ్మండ్స్ 1965లోనే దీనికి బ్లాసమ్ అల్గారిథమ్ ఇచ్చారు. చెక్‌లు కూడా ఒక్కోసారి అబద్ధం చెబుతాయి కాబట్టి వాటిని రౌండ్లవారీగా మళ్లీ మళ్లీ అడగాలి. దాంతో గ్రాఫ్ ఇంకా పెద్దదవుతుంది.

గడియారం ఆగదు

అసలు చిక్కు టైమ్‌తోనే. 2024 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన విల్లో చిప్‌లో ఒక్కో రౌండ్‌కి 1.1 మైక్రోసెకన్లు. మీ డీకోడర్ రౌండ్‌కి 2.2 తీసుకుందనుకోండి. టీ గేట్ అనే ఆపరేషన్ వచ్చినప్పుడల్లా దాని జవాబు కోసం యంత్రం ఆగాలి. ఆగినంతసేపూ కొత్త అలారాలు వచ్చి పడుతూనే ఉంటాయి. అలా ప్రతి టీ గేట్ దగ్గరా ఎదురుచూపు రెట్టింపవుతుంది. 20 టీ గేట్లు దాటేసరికి 10 లక్షల రెట్లు! వడ్డీకి వడ్డీ కట్టే అప్పులాంటిదే.

ఇక్కడే మన పాత మిత్రుడు వస్తాడు: యూనియన్ ఫైండ్. క్రుస్కల్ అల్గారిథమ్ కోసం నేర్చుకుని, ప్లేస్‌మెంట్ల ముందు ఇంకోసారి తిరగేసేదే. డెల్ఫోస్, నికర్సన్ 2017లో దాన్ని డీకోడర్‌గా మార్చారు. ప్రతి అలారం ఒక చిన్న గుంపు. బేసి సంఖ్యలో అలారాలున్న గుంపులు చుట్టూ కొంచెం కొంచెం పెరుగుతాయి. రెండు గుంపులు తగిలితే యూనియన్. అలారాల సంఖ్య సరి అయితే ఆ గుంపు పెరగడం ఆగుతుంది. తర్వాత గుంపు లోపల దారి వెతకడం తేలిక. ఖచ్చితత్వం మ్యాచింగ్‌కంటే కాస్త తక్కువ, కానీ పని దాదాపు లీనియర్ టైమ్‌లో అయిపోతుంది.

మ్యాచింగ్ కూడా ఊరుకోలేదు. 2023లో ఆస్కార్ హిగాట్, క్రెయిగ్ గిడ్నీ స్పార్స్ బ్లాసమ్ పేరుతో దాన్ని కొత్తగా రాసి, ఒక్క సీపీయూ కోర్ మీద సెకనుకు సుమారు 10 లక్షల తప్పులు తేల్చే స్థాయికి తెచ్చారు. నా మట్టుకు, ఈ రంగంలో ఇంజినీరింగ్ విద్యార్థి చదవాల్సిన మొదటి పేపర్ అదే. అందులో ఫిజిక్స్ కంటే అల్గారిథమ్సే ఎక్కువ.

ఈసీఈ వాళ్లకు దారి ఇంకోటి. ఐబీఎం 2024లో నేచర్‌లో ప్రచురించిన కోడ్ 288 క్యూబిట్లతో 12 లాజికల్ క్యూబిట్లను కాపాడుతుంది. సర్ఫేస్ కోడ్‌తో అయితే అదే పనికి దాదాపు 3,000 కావాలి. కాకపోతే ఇక్కడ ఒక్క తప్పుకి రెండుకి మించి అలారాలు మోగుతాయి కాబట్టి జతలు కలపడం కుదరదు. బదులుగా వాడేది బిలీఫ్ ప్రాపగేషన్, అంటే 5జీలో ఉన్న ఎల్‌డీపీసీ కోడ్‌ల డీకోడింగ్ పద్ధతే. క్వాంటమ్‌లో అది కొన్నిచోట్ల ఎటూ తేలక తిరుగుతూ ఉండిపోతుంది. ఆ చిక్కు విప్పడానికే 2025లో ఐబీఎం పరిశోధకులు రిలే బీపీ తెచ్చారు, ఎఫ్‌పీజీఏ మీద నడిచేలా. డీప్‌మైండ్ వాళ్ల ఆల్ఫాక్యూబిట్ లాంటి ఏఐ డీకోడర్లు గురిలో ముందున్నా, 2024లో అది వచ్చేనాటికి రియల్ టైమ్‌కి సరిపడే వేగం లేదు.

మరి ఉద్యోగాలు? కేంద్రం 2023లో రూ.6,003.65 కోట్లతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతి క్వాంటమ్ వ్యాలీకి ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రాన్ని ప్రకటించారు. అయినా డీకోడర్ ఇంజినీర్ పోస్టులు వేలల్లో ఉంటాయనుకోవద్దు. ‘క్వాంటమ్ సర్టిఫికెట్, జాబ్ గ్యారంటీ’ అనే ప్రకటనలకు డబ్బు కట్టొద్దు. మెరుపు వేగంతో నడిచే సీ++, వెరిలాగ్ నేర్చుకుంటే మాత్రం చిప్, టెలికాం కంపెనీల్లోనూ అడుగుతారు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. స్టిమ్, పైమ్యాచింగ్ రెండూ ఉచిత పైథాన్ లైబ్రరీలు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. స్టిమ్‌తో డిస్టెన్స్ 3, 5, 7 సర్ఫేస్ కోడ్‌లు తయారుచేయండి. డిస్టెన్స్ పెరిగితే కోడ్ పెద్దదైనట్టు. ఎర్రర్ రేటు 0.3 శాతం పెట్టి చూడండి, పెద్ద కోడ్ గెలుస్తుంది. 2 శాతం పెడితే పెద్ద కోడే ఎక్కువ దెబ్బతింటుంది. ఎందుకో వివరించగలిగితే సగం వైవా అయిపోయినట్టే. తర్వాత యూనియన్ ఫైండ్ డీకోడర్‌ని సొంతంగా సీ++లో రాసి, రౌండ్‌కి సగటున ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో కొలవండి. మొదటిసారి 1.1 దరిదాపుల్లోకి రాకపోయినా కంగారొద్దు. ఎక్కడ ఆలస్యమైందో ప్రొఫైలర్ చెబుతుంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి.