పేగుపూత మందు: మోతాదు తేల్చే జన్యువు

పేగుపూత అంటే పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు కారే దీర్ఘకాలిక జబ్బు. వైద్యులు దీన్ని అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. ఇదే కోవకు చెందిన క్రోన్స్ వ్యాధి చిన్నపేగుకూ రావచ్చు. రెంటిలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే దాడికి దిగుతుంది. నెత్తురు, జిగట కలిసి విరేచనమైతే ఊళ్లలో ముందు మొలలనో అమీబా అనో అనుకుంటారు. ఆ మందులు వాడుతూనే నెలలు గడిచిపోతాయి.

ఇది పట్నాల జబ్బు అన్న నమ్మకం వైద్యుల్లోనూ ఉండేది. హైదరాబాద్‌లో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏఐజీ సంస్థ పరిశోధకులు పల్లె, పట్నం కలిపి పొట్ట సమస్యలున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల్లోనూ ఈ జబ్బు తక్కువేమీ లేదని తేలింది.

జబ్బును అదుపులో ఉంచడానికి ఏళ్ల తరబడి వాడే చవకైన మాత్ర అజాథయోప్రిన్. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించిన మందుల్లో ఇదొకటి. వారికి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సాధారణంగా కిలో బరువుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు, అంటే 50 కిలోల మనిషికి రోజుకు 100 నుంచి 125 మిల్లీగ్రాములు ఇస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. బరువు ఒకటే అయినా, అదే మోతాదు ఒకరికి సరిపోతుంది, మరొకరికి ప్రాణం మీదికి తెస్తుంది.

మింగిన అజాథయోప్రిన్ ఒంట్లో ముందు మెర్కాప్టోప్యూరిన్‌గా, ఆపై కణాల్లో థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్లుగా మారుతుంది. ఇవి డీఎన్ఏలో చేరి, వేగంగా విభజన చెందే తెల్లకణాల జోరు తగ్గిస్తాయి. పేగు వాపు తగ్గేది అందువల్లే. అయితే ఇవి మితిమీరితే ఎముక మజ్జ దెబ్బతింటుంది. అలా మితిమీరకుండా చూసే ఎంజైములున్నాయి. టీపీఎంటీ మందును వేరే దారి పట్టిస్తుంది. ఎన్‌యూడీటీ15 అయితే డీఎన్ఏలో చేరబోయే రూపాన్నే నిర్వీర్యం చేస్తుంది.

పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం టీపీఎంటీ ఒక్కదాన్నే చూసేవారు. భారతీయుల్లో దాని లోపం తక్కువ. అయినా తెల్లకణాలు పడిపోయే రోగులు మాత్రం ఇక్కడ తక్కువ లేరు. కొరియా రోగుల్లో ఇలా తెల్లకణాలు పడిపోవడానికి ఎన్‌యూడీటీ15 జన్యువులోని ఒక మార్పు ముఖ్య కారణమని 2014లో అక్కడి పరిశోధకులు చూపారు. ఆ తర్వాత ఏఐజీకి చెందిన డాక్టర్ రూపా బెనర్జీ బృందం వెయ్యి మందికి పైగా భారతీయ రోగులను గమనించి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదాన్ని టీపీఎంటీ కంటే ఎన్‌యూడీటీ15 పరీక్షే మెరుగ్గా పసిగడుతుందని 2020లో నిరూపించింది. మన రోగుల కోసం ఇంతకన్నా పనికొచ్చే పరిశోధన అరుదు.

తల్లిదండ్రులిద్దరి నుంచీ ఈ మార్పు వచ్చినవారికి మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తుంది. వెనకే జ్వరం, నోటి పుండ్లు. అప్పటికే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయి ఉంటాయి. వీరికి ఈ మందు ఇవ్వకపోవడమే మేలు. ఒక్కరి నుంచే వస్తే తక్కువ మోతాదుతో మొదలుపెట్టవచ్చు.

మందు మొదలుపెట్టిన తొలి నెలల్లో వారానికో రెండు వారాలకో రక్తపరీక్ష చేయించాలి. హైదరాబాద్‌లో ఉండేవారికి ఇదేమంత కష్టం కాదు. అదే నగరానికి సుమారు 110 కిలోమీటర్ల దూరంలోని కామారెడ్డి నుంచో, రైలు కూడా లేని ఎల్లారెడ్డి నుంచో పెద్దాసుపత్రికి వచ్చే రైతుకూలీకి ప్రతి ప్రయాణమూ ఒక రోజు కూలి. కాబట్టి దూరం నుంచి వచ్చే రోగికే మందు రాయకముందు జన్యుపరీక్ష మరింత అవసరం. అది జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు.

జన్యువు బాగున్నా రక్తపరీక్షలు మానకూడదు. కాలేయమూ దెబ్బతినవచ్చు కనుక దాన్నీ చూస్తుండాలి. ఈ పరీక్షలు కామారెడ్డిలోనే చేయించుకుని ఫలితాలు ఫోన్లో పంపవచ్చు. కీళ్లవాతంలో ఒక రకమైన గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్‌ను మరో డాక్టరు రాస్తే అజాథయోప్రిన్ సంగతి తప్పక చెప్పాలి. ఆ రెండూ కలిస్తే మందు విరిగే మరో దారి మూసుకుపోతుంది. అప్పుడు అజాథయోప్రిన్‌ను మామూలు మోతాదులో నాలుగో వంతుకో మూడో వంతుకో తగ్గించాల్సి ఉంటుంది.