తొలగింపు – రిట్రెంచ్‌మెంట్: ఒక న్యాయపదం, దాని పరిధి

ఉద్యోగుల కుదింపు వార్తలకు తెలుగు పత్రికలు ‘ఉద్వాసన’ అనే శీర్షికను తరచుగా వాడుతుంటాయి. పూజాంతంలో దైవాన్ని సాగనంపే క్రియకు పేరైన ఈ మాట ఉద్యోగాలకు ఎలా అన్వయించిందన్నది వేరొక వ్యాసానికి తగిన విషయం. అసలు చిక్కు ‘తొలగింపు’ అనే మాటతో ఉంది. క్రమశిక్షణ చర్యగా పంపివేయడాన్నీ, ఏ దోషమూ లేనివారిని తగ్గించడాన్నీ ఈ ఒక్క మాటతోనే చెబుతున్నాం. చట్టం నిలిచి ఉన్నది ఈ భేదం మీదనే.

శిక్షగా కాక మరే కారణం చేతనైనా యజమాని సేవను ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ అని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచించింది. స్వచ్ఛంద విరమణ, దీర్ఘకాలిక అనారోగ్యం వంటివి మినహాయింపులు. ‘మరే కారణం చేతనైనా’ అన్న మాటను విస్తృతార్థంలోనే గ్రహించాలని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఏడాది నిరంతర సేవ (గణనకు 240 పనిదినాలు) ఉన్న కార్మికునికి కారణం తెలుపుతూ నెల రోజుల లిఖిత నోటీసు లేదా ఆ నెల వేతనం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. చివర చేరినవారిని ముందు తగ్గించాలి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి (2020) ఈ చట్రాన్ని చాలావరకు నిలిపి, ఒక కీలకమైన అంకెను మార్చింది. కర్మాగారాలు, గనులు, తోటలలో ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి కావడానికి కార్మికుల సంఖ్య 100 నుంచి 300కు పెరిగింది. రక్షణ పరిధి ఆ మేరకు కుంచించుకుపోయిందనే నా అభిప్రాయం.

ఈ పరిధిలో అధ్యాపకుడు లేడు. గోవాకు చెందిన ఒక ఉపాధ్యాయిని వ్యాజ్యంలో (సుందరంబాళ్ కేసు, 1988) విద్యాసంస్థ ‘పరిశ్రమ’ అయినప్పటికీ, బోధించేవారు ‘కార్మికులు’ కారని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బోధన నైపుణ్యంతో కూడిన పనో గుమాస్తా పనో కాదన్నది అందులోని తర్కం. గౌరవంగా ధ్వనించే ఈ వాక్యమే పరిహారపు హక్కును తీసివేసింది. గ్రాట్యుటీ విషయంలో మాత్రం పార్లమెంటు ఇటువంటి లోపాన్నే సరిదిద్దింది. 2009 నాటి సవరణ ఉపాధ్యాయులను 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చట్టంలోకి తెచ్చింది. 2022లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. రిట్రెంచ్‌మెంట్ విషయంలో అటువంటి సవరణ రాలేదు. అందుచేత ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు రాష్ట్ర విద్యా చట్టాన్నీ, తన నియామక పత్రాన్నీ ఆశ్రయించవలసి వస్తోంది; ఆ పత్రమైనా చేతికి అందినవారి సంగతే ఇది.