చలి పొద్దున బండి కింద చప్పుడా? గూళ్లు ఎత్తకముందే చూసుకోండి

చలికాలంలో శిడ్లఘట్ట, రామనగర మార్కెట్లకు మనం తెల్లారకముందే బయలుదేరతాం. పికప్ కదలగానే కింద ఏదో మూలుగు, టక్కుమని ఒక దెబ్బ. ప్రతి చప్పుడుకూ భయపడక్కర్లేదు. అలాగని అన్నిటినీ చలి మీదికి తోసేయకూడదు.

చలికి గేర్ ఆయిల్ చిక్కబడుతుంది. అందుకే మొదట్లో గేర్లు బిగుతుగా పడతాయి, కొంచెం గుయ్యిమంటుంది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక తగ్గిపోతే, ఆయిల్ లెవెల్ ఒకసారి చూపించుకుంటే చాలు. వేడెక్కినా తగ్గలేదా? చెవి పెట్టి వినండి.

🔧 గేర్ వేయగానే, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కగానే "టక్": షాఫ్ట్ క్రాస్ మీద అనుమానం. చదును నేల మీద ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. క్రాస్ దగ్గర లూజు ఉంటే అరిగినట్టే.

🔧 తొక్కితే పెరిగి, వదిలితే మారే ఊళ: వెనక డిఫరెన్షియల్.

🔧 మలుపులో ఎక్కువ తక్కువయ్యే హోరు: చక్రం బేరింగ్.

🔧 క్లచ్ తొక్కితేనే వచ్చే గరగర: రిలీజ్ బేరింగ్.

క్రాస్ పనిని మాత్రం వాయిదా వేయొద్దు. అది విరిగితే షాఫ్ట్ ఊడి రోడ్డు మీద పడుతుంది, బండి అక్కడే ఆగుతుంది. గూళ్లు ఆగితే తూకం తగ్గుతుంది. రోజులు గడిస్తే లోపలి పురుగు రెక్కలొచ్చి గూడు చిల్లు చేసుకుని వస్తుంది, ఇక దారం తీయడానికి పనికిరాదు.

పురుగులు చంద్రికలెక్కాక గూళ్లు దింపేదాకా మనకు కొన్ని రోజులు చేతిలో ఉంటాయి. బండిని మెకానిక్‌కు చూపించాల్సింది అప్పుడే.