లేజర్ లైటు ఆటబొమ్మ కాదు

 

పోయిన వారం తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడి దగ్గర జాతరలో కొన్న లేజర్ లైటు దొరికింది. స్నేహితుల మొహాల మీద వేసి ఆడుతున్నాడు. తీసి బీరువాలో పెట్టాను. తిట్టి ఊరుకుంటే వాడు నేర్చుకునేది ఏమీ ఉండదు. అదే వెలుగుతో శాస్త్రవేత్తలు ఏం పని చేస్తున్నారో చెబుదామని ఇది రాస్తున్నాను.

ఇంట్లో ఊదుబత్తి వెలిగించి చూడండి. పొగ కొంత ఎత్తు దాకా దారం మాదిరి నేరుగా పోతుంది. ఆ పైన సుళ్ళు తిరిగి చెదిరిపోతుంది. నేరుగా పోయేది ధారారేఖా ప్రవాహం, చెదిరేది సంక్షుబ్ధ ప్రవాహం. ఆషాఢం గాలికి మన కేజీఎఫ్ సైనైడ్ దిబ్బల దుమ్మును పైకెత్తి చల్లేదీ ఇట్లాంటి సుళ్ళే.

సుడిలో వేగం ఈ క్షణం ఉన్నట్టు మరు క్షణం ఉండదు. కొలుద్దామని మధ్యలో ఏదైనా పరికరం పెడితే, అది అడ్డొచ్చి ప్రవాహమే మారిపోవచ్చు. అందుకే తాకకుండా కొలవాలి. 1964లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో యే, కమిన్స్ అనే ఇద్దరు లేజర్‌తో దీనికి దారి చూపారు.

ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి ఇది. ఒకే లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, కొలవాల్సిన చోట రెండూ ఒకదాన్నొకటి దాటేటట్టు పంపుతారు. అక్కడ వెలుగు, చీకటి పట్టీలు ఏర్పడతాయి. ప్రవాహంతో పాటు పోయే సన్నటి రేణువు ఆ పట్టీలను దాటుతూ మిణుకు మిణుకుమంటుంది. చెట్ల వరస ఉన్న రోడ్డు మీద బస్సులో పోతుంటే మన మొహం మీద ఎండ, నీడ మారి మారి పడతాయి కదా, అట్లా. బస్సు జోరు పెరిగితే అవీ త్వరగా మారతాయి.

లెక్క సులభమే. రెండు వెలుగు పట్టీల మధ్య దూరం 3 మైక్రాన్లు అనుకోండి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రేణువు సెకనుకు 1,00,000 సార్లు మిణికితే, దాని వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు. దీన్ని లేజర్ డాప్లర్ పద్ధతి అంటారు.

ఇది ఎక్కడో విదేశాల్లో మాత్రమే జరిగే పని కాదు. బెంగళూరులో ప్రొఫెసర్ రొద్దం నరసింహ, జి.ఎస్. భట్ మేఘాల గుట్టు తెలుసుకోవడానికి ఒక ప్రయోగం చేశారు. మేఘంలో ఆవిరి నీరయ్యేటప్పుడు వేడి పుడుతుంది. దానికి నమూనాగా, ఆమ్లం కలిపిన నీటి ధారను కరెంటుతో మధ్యలో వేడిచేసి, లోపలి కదలికలను లేజర్‌తో కొలిచారు. ఆ ఫలితాలు 1996లో అచ్చయ్యాయి. వాన కోసం ఆకాశం వైపు చూసే మన కోలారు జిల్లాకు మేఘం సంగతి ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. లేజర్ వెలుగు కంట్లో పడితే, కంటి కటకం దాన్ని రెటీనా మీద ఒక్క చుక్కగా కూడగడుతుంది. శక్తి ఎక్కువున్న లేజర్ అయితే అక్కడ కాలిపోతుంది. నొప్పి తెలియకపోవచ్చు, కానీ పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. జాతరలో అమ్మే లైటు శక్తి ఎంతో చూసి చెప్పలేం. దయచేసి పిల్లలకు కొనివ్వకండి. బడికి తెస్తే తీసుకుని, మీ చేతికే తిరిగి ఇస్తాం.

పిల్లలూ, పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకుని ఊదుబత్తి పొగను గమనించండి. ఫ్యాను వేసినప్పుడు, ఆపినప్పుడు ఎంత ఎత్తులో చెదురుతోందో నోటుబుక్కులో రాసి తెండి. ఆ పిల్లవాడిని కూడా రాసి తెమ్మన్నాను.

– ప్రధానోపాధ్యాయుడు