ఇంద్రావతిపై దోనెలు

భాద్రపదం గడచి ఆశ్వయుజం ప్రవేశించగానే బస్తరులో ఇంద్రావతి ఎర్రదనం వీడి తేటపడనారంభిస్తుంది. జగదల్‌పూరుకు పశ్చిమంగా సుమారు 38 కిలోమీటర్ల దూరాన, చిత్రకోట జలపాతమై దాదాపు 29 మీటర్ల లోతుకు దూకిన ఆ నది దిగువ మడుగులో నిదానిస్తుంది.

జాలరుల దోనెలకు అదే అదను. ఎదురీదే చేపలకు జలపాతం దాటరాని గోడ. అందుచేత అవి దిగువనే ఆగుతాయి. ఒకే మానును తొలిచి చేసిన దోనెలో ఒకడు తెడ్డు వేయగా, మరొకడు నిలబడి వల విసురుతాడు. కాలు తడబడితే దోనె ఒరుగుతుంది; సుడికి మరీ చేరువైతే తిరిగి రావడం కష్టం. సముద్రపు ఆటుపోట్లు ఇక్కడ లేవు. వరద పొంగు, తీత - ఇవే వారి పంచాంగం.

ఆ పంచాంగమే నేడు తప్పుతున్నది. ఒడిశా సరిహద్దున జోరా వాగు ఇంద్రావతి నీటిని శబరి వైపు లాగుకొంటున్నది. నీటిని సమంగా పంచుకోవాలని రెండు రాష్ట్రాలు 2003లో అంగీకరించినా, 2019 వేసవిలో జలపాతం ఎండి బండలు బయటపడ్డాయి.

ఇంద్రావతి, శబరి రెండూ చేరేది గోదావరినే. నీరు ఏ దారిన వచ్చినా గోదావరికి లోటు లేదు. కాని దారి మారితే బస్తరు జాలరి దోనె ఒడ్డునే మిగిలిపోతుంది.